తరగతి బ్లాగుకు ఏది పనికొస్తుంది? బ్లాగర్, వర్డ్‌ప్రెస్, ఎడ్యుబ్లాగ్స్, సైట్స్, ప్యాడ్‌లెట్ సమీక్ష

తరగతి బ్లాగు పెట్టబోయే ఉపాధ్యాయుల్లో చాలామంది మొదట టెంప్లేట్లు చూస్తారు. ఏ రంగు, పైన ఏ బొమ్మ, పక్కన ఏ గాడ్జెట్ అని ఆలోచిస్తారు. అవన్నీ ఎప్పుడైనా ఒక పూటలో మార్చుకోవచ్చు. నలభై మంది పిల్లలు రాయడం మొదలుపెట్టాక మార్చుకోవడం కష్టమయ్యేవి వేరే ఉన్నాయి. పబ్లిష్ బటన్ ఎవరి చేతిలో ఉంటుంది? రాసింది ఎవరెవరికి కనబడుతుంది? ఏడాది చివర మొత్తం మూటకట్టి తీసుకెళ్లడానికి దారుందా? ఇక్కడ ప్రతి సేవనూ ఈ మూడు ప్రశ్నలతోనే తూచాను.

తీర్పు ముందే చెప్పేస్తాను. పిల్లలు స్వయంగా టపాలు (బ్లాగు పోస్టులు) రాయాలంటే ఎడ్యుబ్లాగ్స్. సర్వర్ చూసుకునే మనిషి ఉన్న బడికి సొంత వర్డ్‌ప్రెస్. ఉపాధ్యాయులే రాస్తూ పిల్లలు వ్యాఖ్యలు పెట్టే బ్లాగుకైతే బ్లాగర్ చాలు. గూగుల్ సైట్స్, ప్యాడ్‌లెట్ మంచివే కానీ అవి బ్లాగులు కావు. వాటిని బ్లాగులుగా వాడబోతేనే చిక్కులన్నీ మొదలవుతాయి.

బ్లాగర్: తేలిక, కానీ మధ్యలో గేటు లేదు

బ్లాగర్‌ను పైరా ల్యాబ్స్ 1999లో మొదలుపెట్టింది. 2003లో అది గూగుల్ చేతికి వచ్చింది. గూగుల్ ఖాతా ఉంటే పది నిమిషాల్లో బ్లాగు సిద్ధమవుతుంది. డబ్బు కట్టనక్కర్లేదు, మనం పెట్టుకుంటే తప్ప ప్రకటనలు రావు. ఒక్కరే రాసే బ్లాగుకు ఇంతకంటే తేలికైనది లేదు.

తరగతి మొత్తం రాయాలన్నప్పుడే దీని లోటు బయటపడుతుంది. బ్లాగర్‌లో రాసేవాళ్లకు ఉన్న హోదాలు రెండే: అడ్మిన్, ఆథర్. ఆథర్‌గా చేర్చిన విద్యార్థి తన టపాలను మాత్రమే మార్చగలడు, అంతవరకు బాగానే ఉంది. కానీ పబ్లిష్ నొక్కితే ఆ క్షణమే అది లోకానికి కనబడుతుంది. 'రాశాను, చూడండి టీచర్' అని పంపి ఆగే మెట్టు లేదు. ఒక పిల్లవాడు తోటి పిల్లవాడి ఇంటి చిరునామా టపాలో రాసినా, మీరు చూసేసరికి అది ఎంతమంది కంట పడిందో తెలియదు.

దీనికి బ్లాగర్ లోపలే ఒక ఉపాయం ఉంది. సెట్టింగ్స్‌లో ఈమెయిల్ విభాగంలో 'మెయిల్ ద్వారా పోస్టు చేయడం' అనే సౌకర్యం ఉంటుంది. ఒక రహస్య పదం పెట్టుకుంటే దానితో ప్రత్యేక మెయిల్ చిరునామా తయారవుతుంది. అక్కడే 'వచ్చిన మెయిల్‌ను వెంటనే ప్రచురించు', 'డ్రాఫ్టుగా ఉంచు' అని రెండు ఎంపికలు ఉంటాయి. రెండోది ఎంచుకోండి. పిల్లలు ఆ చిరునామాకు మెయిల్ పంపితే సబ్జెక్ట్ గడిలో రాసింది టపా శీర్షిక అవుతుంది, లోపలి మాటర్ డ్రాఫ్టుగా వచ్చి మీ డాష్‌బోర్డులో కూర్చుంటుంది. మెయిల్ కింద ఆటోమేటిక్‌గా వచ్చే సంతకం టపాలో పడకుండా ఉండాలంటే, రాత ముగిసిన చోట హ్యాష్ గుర్తు వేసి ఎండ్ అని ఇంగ్లిష్‌లో టైప్ చేయించాలి. రెండు లోపాలు గుర్తుంచుకోవాలి. టపాలన్నీ ఉపాధ్యాయుల పేరు మీదే పడతాయి కాబట్టి రాసిన పిల్లల పేరు టపాలోనే ఉండాలి, లేదా లేబుల్‌గా తగిలించాలి. ఆ చిరునామా తెలిసిన వాళ్లెవరైనా డ్రాఫ్టులు పంపగలరు కాబట్టి రహస్య పదాన్ని ప్రతి టర్ముకూ మార్చాలి.

బయటివాళ్లకు కనబడకుండా బ్లాగును ప్రైవేటుగా ఉంచవచ్చు. మీరు ఆహ్వానించిన పాఠకులు గూగుల్ ఖాతాతో లాగిన్ అయితేనే తెరుచుకుంటుంది. కానీ పాఠకుల జాబితాకు 100 మంది హద్దు ఉంది. 40 మంది పిల్లలు, ఇంటికి ఇద్దరు పెద్దలు అనుకున్నా 120. అక్కడే ఆగిపోతుంది. పైగా ప్రైవేటు బ్లాగుకు ఫీడ్ (కొత్త టపాలను రీడర్ యాప్‌కు అందించే ఏర్పాటు) పనిచేయదు. దీని సంగతి కింద వస్తుంది.

వ్యాఖ్యల దగ్గర చాలామందిని తికమకపెట్టే సమస్య ఒకటుంది. టపా కిందే కనబడే వ్యాఖ్యల పెట్టెలో పిల్లలు రాసి పబ్లిష్ నొక్కుతారు, ఏమీ జరగదు. లేదా లాగిన్ అయి ఉన్నా మళ్లీ లాగిన్ అవమంటుంది. ఆ పెట్టె వేరే డొమైన్ నుంచి వచ్చి పేజీలో కూర్చుంటుంది. బ్రౌజర్ థర్డ్ పార్టీ కుకీలను (వేరే డొమైన్ దాచుకునే గుర్తింపు ఫైళ్లను) ఆపేస్తే అది మనల్ని గుర్తుపట్టలేదు. ప్రతి కంప్యూటర్‌లోనూ బ్రౌజర్ సెట్టింగులు మార్చుకుంటూ పోనక్కర్లేదు. బ్లాగు సెట్టింగ్స్‌లో కామెంట్స్ కింద 'లొకేషన్' అనే చోట ఎంబెడెడ్ తీసేసి ఫుల్ పేజ్ లేదా పాపప్ విండో పెడితే సరిపోతుంది. అదే విభాగంలో మోడరేషన్‌ను 'ఎల్లప్పుడూ' అని ఉంచండి. 'కొన్నిసార్లు' అనేది ఫలానా రోజులకంటే పాత టపాల మీద వచ్చే వ్యాఖ్యలనే ఆపుతుంది, కొత్త టపా మీద వచ్చినవి నేరుగా పడిపోతాయి. తరగతికి అది ఏమాత్రం పనికిరాదు.

కొత్త బ్లాగు పెట్టగానే టైమ్ జోన్ కూడా చూడాలి. అది తప్పుగా ఉంటే ఉదయం 9కి రావాలని షెడ్యూల్ చేసిన టపా ఏ రాత్రిపూటో వస్తుంది. టపాల మీద తేదీలు కూడా ఒకరోజు అటూఇటూ అవుతాయి. తేదీని బట్టి హోంవర్కు మార్కులు వేసే తరగతిలో ఇది చిన్న విషయం కాదు.

వర్డ్‌ప్రెస్: హోదాల్లోనే బలం, హోదాల్లోనే చిక్కు

వర్డ్‌ప్రెస్ 2003లో పుట్టింది. దీనిలో ఐదు హోదాలు ఉన్నాయి: అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్. తరగతికి కావలసింది కంట్రిబ్యూటర్. ఈ హోదాలో ఉన్న విద్యార్థి టపా రాయగలడు, తన డ్రాఫ్టు దిద్దుకోగలడు, ప్రచురించలేడు. పబ్లిష్ స్థానంలో 'సమీక్షకు పంపు' అనే బటన్ ఉంటుంది. నొక్కితే టపా పెండింగ్‌లోకి వెళ్తుంది. బ్లాగర్‌లో లేని గేటు ఇదే.

అయితే కంట్రిబ్యూటర్‌కు మూడు ఇబ్బందులు ఉన్నాయి. మొదటి టపా రాయించే ముందే ఇవి తెలిసి ఉండాలి. ఒకటి, కంట్రిబ్యూటర్ బొమ్మలు ఎక్కించలేడు. మీడియా బటన్ కోసం పిల్లలు వెతుకుతారు, దొరకదు. అది పాడైపోయిందని కాదు, ఆ హోదాకు ఆ హక్కే లేదు. రెండు, టపా ప్రచురితమయ్యాక దాన్ని రాసిన కంట్రిబ్యూటర్ కూడా దిద్దలేడు. వ్యాఖ్యల్లో తప్పు చూపించిన తర్వాత సరిదిద్దుకోవడమే కదా బ్లాగు రాయించడంలో అసలు లాభం. అందుకోసం ఉపాధ్యాయులు ఆ టపాను మళ్లీ డ్రాఫ్టుకు మార్చాలి, పిల్లలు దిద్ది మళ్లీ పంపాలి. మూడు, పెండింగ్ టపా వచ్చిందని వర్డ్‌ప్రెస్ తనంతట తాను మెయిల్ పంపదు. రోజూ ఒకసారి పోస్ట్స్ తెరిచి పెండింగ్ వరుస చూడాల్సిందే.

బొమ్మల సమస్యకు మంచి పరిష్కారం ప్రతి గుంపులోనూ ఒకరికి ఆథర్ హోదా ఇచ్చి ఆ గుంపు బొమ్మల బాధ్యత అప్పగించడం. అందరినీ ఆథర్లను చేసేస్తే పని తేలికే, కానీ ఆథర్‌కు పబ్లిష్ హక్కు ఉంటుంది. గేటు తీసేసినట్టే. ప్లగిన్ (అదనపు సౌకర్యం చేర్చే చిన్న ప్రోగ్రామ్) పెట్టుకునే వీలున్న సొంత సైటులో కంట్రిబ్యూటర్‌కు ఎక్కించే హక్కు ఒక్కటే విడిగా కలపవచ్చు. అదే అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి.

ఖాతాల సంగతి. వర్డ్‌ప్రెస్ ప్రతి ఖాతాకూ వేర్వేరు మెయిల్ చిరునామా అడుగుతుంది. పిల్లలకు మెయిల్ లేకపోతే, ఉపాధ్యాయులు తరగతి కోసం విడిగా తెరిచిన ఒక జీమెయిల్ చాలు. చిరునామాలో ఎట్ గుర్తుకు ముందు ప్లస్ వేసి రోల్ నంబరు తగిలిస్తే వర్డ్‌ప్రెస్ దాన్ని వేరే చిరునామా అనుకుంటుంది, మెయిళ్లన్నీ మాత్రం ఆ ఒక్క ఇన్‌బాక్సులోకే వస్తాయి. పాస్‌వర్డ్ మరిచిపోయిన పిల్లల రీసెట్ లింకు కూడా మీకే వస్తుంది. సొంత మెయిల్‌తో ఈ పని చేయకండి, వారంలో అది నిండిపోతుంది.

యూజర్ పేరుగా పూర్తి పేరు, ఇంటిపేరు, పుట్టిన సంవత్సరం పెట్టవద్దు. ప్రొఫైల్‌లో 'అందరికీ కనబడే పేరు' మార్చుకున్నా, రచయిత పేజీ చిరునామాలో యూజర్ పేరు అలాగే కనబడుతుంది. కాబట్టి ఖాతా తెరిచేటప్పుడే కలం పేరో, బడి బయటివాళ్లకు అర్థం కాని గుర్తో పెట్టాలి. యూజర్ పేరును తర్వాత డాష్‌బోర్డు నుంచి మార్చలేం.

గుంపు పని ఇచ్చినప్పుడు ఒకే లాగిన్‌ను నలుగురికి పంచడం ఎక్కువచోట్ల జరిగేదే, ఎక్కువ రాత పోయేది కూడా అక్కడే. వేర్వేరు ఖాతాల వాళ్లు ఒకే టపా తెరిస్తే 'దీన్ని ఇప్పుడు ఫలానావారు దిద్దుతున్నారు' అని వర్డ్‌ప్రెస్ హెచ్చరిస్తుంది. ఒకే ఖాతాతో రెండు కంప్యూటర్లలో తెరిస్తే దాని దృష్టిలో ఇద్దరూ ఒకరే. హెచ్చరిక రాదు, చివర సేవ్ చేసినవాళ్ల రాత మిగులుతుంది, ముందువాళ్లది దాని కింద కనబడకుండా పోతుంది. అలా జరిగితే కంగారుపడకండి. కుడిపక్కన రివిజన్స్ తెరిచి పాత ప్రతిని వెనక్కి తెచ్చుకోవచ్చు. పొరపాటున చెత్తబుట్టలో వేసిన టపా కూడా 30 రోజులు అక్కడే ఉంటుంది.

సెట్టింగ్స్‌లో రీడింగ్ కింద 'సెర్చ్ ఇంజన్లు ఈ సైటును చేర్చుకోకుండా నిరుత్సాహపరచు' అనే గడి ఉంటుంది. చాలామంది దాన్ని టిక్ చేసి బ్లాగు ప్రైవేటు అయిందనుకుంటారు. అది సెర్చ్ ఇంజన్లకు చేసే మనవి మాత్రమే. లింకు ఉన్నవాళ్లు ఎవరైనా చదవగలరు. నిజంగా తాళం కావాలంటే ప్రతి టపాకూ పాస్‌వర్డ్ పెట్టాలి, లేదా సైటు మొత్తాన్ని ప్రైవేటు చేసే సౌకర్యం ఉన్న సేవను ఎంచుకోవాలి.

డిస్కషన్ సెట్టింగుల్లో 'ప్రతి వ్యాఖ్యా చేత్తో ఆమోదించాలి' అన్నది టిక్ చేయండి. దాని కిందే 'ఇంతకుముందు ఆమోదం పొందిన వ్యాఖ్య ఉండాలి' అని ఇంకొకటి ఉంటుంది. అది ఒక్కటే ఉంచితే మొదటి వ్యాఖ్య తర్వాత ఆ పిల్లవాడికి తలుపులు బార్లా తెరిచినట్టే. వ్యాఖ్య వచ్చినప్పుడల్లా మెయిల్ పంపే రెండు గడులనూ తీసేయండి. 40 మంది తలా రెండు వ్యాఖ్యలు రాస్తే ఒక్క పీరియడ్‌లో 80 మెయిళ్లు.

సొంత సర్వర్ మీద వర్డ్‌ప్రెస్ నడపడం ఒక్క ఉపాధ్యాయుడు తలకెత్తుకోవాల్సిన పని కాదు. వర్డ్‌ప్రెస్, థీమ్, ప్లగిన్లు మూడింటినీ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయకపోతే సైటు హ్యాకర్ల చేతికి పోతుంది. సెలవుల్లో రెండు నెలలు ఎవరూ తెరవని తరగతి సైట్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ. చూసుకునే మనిషి బడిలో ఉంటే మాత్రం మల్టీసైట్ పెట్టుకోవడం గొప్ప సౌకర్యం. 2010లో వచ్చిన 3.0 నుంచి అది వర్డ్‌ప్రెస్‌లోనే భాగం. ఒక్క ఇన్‌స్టలేషన్ మీద తరగతికొక బ్లాగు, పిల్లవాడికొక బ్లాగు ఇవ్వవచ్చు.

ఎడ్యుబ్లాగ్స్: బడి కోసమే కట్టింది

ఎడ్యుబ్లాగ్స్ 2005 నుంచి నడుస్తోంది. లోపల ఉన్నది వర్డ్‌ప్రెస్సే, కానీ పైన చెప్పిన చిక్కుల్లో చాలావాటికి దీనిలో ముందే జవాబు ఉంది. డాష్‌బోర్డులో 'మై క్లాస్' అనే విభాగం దీని ప్రాణం. అక్కడ ఖాతాలు ఒకేసారి వరుసగా తెరవవచ్చు, విద్యార్థికి మెయిల్ తప్పనిసరి కాదు. ఒక్కొక్కరికీ విడి బ్లాగు ఇచ్చినా సరే, వాటి టపాలన్నిటికీ మీ ఆమోదం కావాలని, వ్యాఖ్యలన్నిటికీ మీ ఆమోదం కావాలని, ఆ బ్లాగులు ఎవరికి కనబడాలని ఒక్కచోట నుంచే నిర్ణయించవచ్చు. నలభై బ్లాగుల సెట్టింగులు నలభైసార్లు తెరవనక్కర్లేదు. నాకు తెలిసినంతలో తరగతి గదిని లోపలినుంచి తెలిసినవాళ్లు కట్టిన బ్లాగు సేవ ఇదే.

ఉచిత ఖాతాకూ డబ్బు కట్టే ఖాతాకూ సౌకర్యాల్లో తేడాలు ఉన్నాయి. బడి తెరవకముందే ఒక పరీక్ష బ్లాగు పెట్టి, ఒక ఉత్తుత్తి విద్యార్థి ఖాతాతో టపా రాసి, బొమ్మ ఎక్కించి, ఆమోదించి, వెనక్కి పంపి చూసుకోండి. ఈ వరుస ఆగకుండా నడిస్తేనే పిల్లలను చేర్చండి. ఇది ఏ సేవకైనా వర్తించే పరీక్షే.

ఎంత పని పడుతుందో కూడా లెక్క వేసుకోవాలి. ఒక టపా చదివి, రెండు మాటలు రాసి, ఆమోదించడానికి నాలుగు నిమిషాలు అనుకుందాం. 40 టపాలకు 160 నిమిషాలు. ప్రతి వారం ఇది సాగదు, మూడో వారానికి పెండింగ్ వరుస పేరుకుపోయి పిల్లలకు రాయాలన్న ఉత్సాహం చచ్చిపోతుంది. తరగతిని ఎనిమిదేసి మంది చొప్పున ఐదు గుంపులు చేసి, వారానికొక గుంపు టపా రాయాలి, మిగతావాళ్లు వ్యాఖ్యలు రాయాలి అని పెట్టుకుంటే వారానికి 32 నిమిషాల పని. పిల్లలకు కూడా టపా రాసి దిద్దుకోవడానికి నాలుగు వారాల గడువు దొరుకుతుంది.

ఫీడ్, డ్రాఫ్టు, బొమ్మలు

విడివిడి బ్లాగులు చదవడానికి ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోవద్దు. ఫీడ్లీ లాంటి రీడర్‌లో ఫీడ్లు చేర్చుకోండి. వర్డ్‌ప్రెస్, ఎడ్యుబ్లాగ్స్‌లలో బ్లాగు చిరునామా చివర స్లాష్ వేసి ఫీడ్ అని ఇంగ్లిష్‌లో చేరిస్తే చాలు. వ్యాఖ్యలకూ వేరే ఫీడ్ ఉంటుంది. ఇక్కడ ఒక లొసుగుంది. వర్డ్‌ప్రెస్ ఫీడ్ మామూలుగా చివరి 10 టపాలే ఇస్తుంది. అందరూ రాసే ఒకే తరగతి బ్లాగులో ఒక్కరోజే 30 టపాలు ఆమోదిస్తే, రీడర్‌కు అందనివి 20 ఉండిపోవచ్చు. 'ఫలానావాడి టపా రాలేదు' అని అపోహ పడేది ఇందుకే. రీడింగ్ సెట్టింగ్స్‌లో ఆ 10ని 50 చేయండి.

డ్రాఫ్టు దిద్దడానికి బ్లాగు ఎడిటర్ కంటే గూగుల్ డాక్స్ మేలు. సజెషన్ మోడ్‌లో దిద్దితే పిల్లలకు తమ తప్పు, మీ సవరణ రెండూ పక్కపక్కన కనబడతాయి. ఎవరు ఎప్పుడు ఎంత రాశారో వెర్షన్ హిస్టరీలో ఉంటుంది. కానీ డాక్స్ నుంచి కాపీ చేసి బ్లాగర్‌లో నేరుగా అతికిస్తే అక్షరాల సైజు, రంగు, ఖాళీలు అన్నీ వెంట వచ్చి టపా చిందరవందరగా కనబడుతుంది. కంట్రోల్, షిఫ్ట్, వి కలిపి నొక్కితే ఉత్త పాఠమే పడుతుంది. బొమ్మలను డాక్స్ నుంచి అతికించకుండా ఫైలుగా దించుకుని విడిగా ఎక్కించాలి. అతికించిన బొమ్మలు ఈరోజు కనబడినా కొన్నాళ్లకు ఖాళీ గడులుగా మిగలవచ్చు.

ఫోన్ కెమెరా ఫొటో ఒక్కోటి 4 ఎంబీ దాకా ఉంటుంది. 35 మంది తలా ఒకటి ఎక్కిస్తే 140 ఎంబీ, ఉచిత ఖాతా చోటు రెండు మూడు అసైన్‌మెంట్లలో ఎంత తగ్గిపోతుందో చూడండి. అదే ఫొటోను 1200 పిక్సెల్స్ వెడల్పుకు కుదిస్తే 250 కేబీలోపు వస్తుంది, అందరివీ కలిపినా 9 ఎంబీ దాటదు. ఐఫోన్‌లో తీసినవి హెచ్‌ఈఐసీ ఫార్మాట్‌లో ఉంటే చాలా బ్రౌజర్లు చూపించలేవు, ముందే జేపెగ్ చేయించాలి. ఫొటో ఫైలులో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉండవచ్చు. ఇంట్లో తీసిన ఫొటో అయితే అది పిల్లల ఇంటి చిరునామా ఇచ్చినట్టే. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయడం, లేదా ఫొటోకు బదులు దాని స్క్రీన్‌షాట్ ఎక్కించడం పిల్లలకు నేర్పవలసిన మొదటి పాఠాల్లో ఒకటి.

సెర్చ్‌లో దొరికిన బొమ్మ అల్లా మనది కాదు. వికీమీడియా కామన్స్‌లో వెతికించండి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉన్న బొమ్మ కింద నాలుగు సంగతులు రాయించాలి: బొమ్మ పేరు, తీసినవారు, దొరికిన చోటు లింకు, లైసెన్సు పేరు. ఒక్కసారి అలవాటైతే పిల్లలు వ్యాసాల్లో కూడా ఎక్కడినుంచి తెచ్చారో చెప్పడం మొదలుపెడతారు.

తెలుగులో రాసే బ్లాగుకు ప్రత్యేకంగా

శీర్షిక తెలుగులో పెడితే టపా చిరునామా ఏమవుతుందో చూసుకోవాలి. బ్లాగర్ తెలుగు అక్షరాలను వదిలేసి 'బ్లాగ్ పోస్ట్' అనే ఇంగ్లిష్ మాటకు అంకెలు తగిలిస్తుంది. నలభై టపాలకు నలభై ఒకేలాంటి చిరునామాలు. ప్రచురించే ముందే పర్మాలింక్‌లో (టపా చిరునామా పెట్టే చోట) కస్టమ్ ఎంచుకుని రోల్ గుర్తు, అంశం ఇంగ్లిష్ అక్షరాల్లో రాయాలి. వర్డ్‌ప్రెస్ తెలుగును ఉంచుతుంది కానీ శాతం గుర్తుల కోడ్‌గా మారుస్తుంది. ఒక్కో తెలుగు సంకేతానికి 9 అక్షరాలు పడతాయి, గుణింతపు గుర్తులూ పొల్లూ విడివిడిగా లెక్కకు వస్తాయి. చిరునామాకు 200 అక్షరాల హద్దు ఉంది కాబట్టి 22 సంకేతాల దగ్గర శీర్షిక తెగిపోతుంది. మెసేజ్‌లో పంపితే నాలుగు వరుసల శాతం గుర్తులు కనబడతాయి. ఇక్కడ కూడా స్లగ్ (చిరునామాలో టపాను సూచించే భాగం) గడిలో పొట్టి ఇంగ్లిష్ మాట రాయించడమే మేలు.

చాలా థీములు ఇంగ్లిష్‌ను దృష్టిలో పెట్టుకుని చేసినవి. వరుసల మధ్య ఎడం తక్కువగా ఉండి ఒత్తులు కింది వరుస గుడుల మీద పడతాయి. లైన్ హైట్ 1.7 నుంచి 1.8 ఉంచితే చదవడానికి హాయిగా ఉంటుంది. ఫాంటుకు నోటో సాన్స్ తెలుగు లేదా మండలి బాగుంటాయి. డీటీపీ చేసేచోట యూనికోడ్ కాని ఫాంట్లలో కొట్టిన పాఠం తెచ్చి అతికిస్తే అర్థంలేని గుర్తులు వస్తాయి. దానికి ఫాంటు మార్చడం మందు కాదు, యూనికోడ్‌కు కన్వర్ట్ చేయాలి, లేదా మళ్లీ టైప్ చేయాలి.

సైట్స్, ప్యాడ్‌లెట్, సీసా (Seesaw)

గూగుల్ సైట్స్‌లో తేదీల వారీ టపాలు లేవు, వ్యాఖ్యలు లేవు, ఫీడ్ లేదు. ఏడాది పనిని ఒకచోట పేర్చి చూపే పోర్ట్‌ఫోలియోకు అది చక్కగా కుదురుతుంది. దిద్దే హక్కు ఇచ్చినవాళ్లు సైటులో ఏ పేజీ అయినా మార్చగలరు కాబట్టి ఒకే సైటును తరగతికంతా పంచవద్దు. పేజీలో పెట్టిన డాక్ లేదా వీడియో మీకు కనబడుతూ తల్లిదండ్రులకు 'అనుమతి లేదు' అని వస్తే తప్పు సైటుది కాదు. డ్రైవ్‌లో ఆ ఫైలు షేరింగ్ విడిగా తెరవాలి.

ప్యాడ్‌లెట్ గోడ మీద చీటీలు అంటించినట్టు ఉంటుంది. పీరియడ్ మొదట్లో ఒక ప్రశ్న వేసి అందరి జవాబులూ ఒక్కసారి చూడటానికి దీన్ని మించింది లేదు. పిల్లలకు ఖాతా అక్కర్లేకపోవడం సౌకర్యమే, కానీ లాగిన్ లేనివాళ్లు రాసింది అనామకంగా పడుతుంది. మోడరేషన్ పెట్టకుండా లింకు ఇవ్వవద్దు. ఉచిత ఖాతాకు బోర్డుల సంఖ్య పరిమితం, పాతవి దాచుకుని తుడుస్తూ ఉండాలి. చిన్న తరగతులకు సీసా అనే యాప్ మేలు. బొమ్మ గీసి, గొంతుతో చెప్పి, క్యూఆర్ కోడ్‌తో లాగిన్ అయ్యే వయసు వాళ్లకు కీబోర్డు బ్లాగు భారమే. చాలా సేవలు 13 ఏళ్లలోపు పిల్లల ఖాతాలకు పెద్దల అనుమతి అడుగుతాయి, అది కాగితం మీద తీసుకుని దగ్గర ఉంచుకోండి.

బయటికి వచ్చే దారి

ఈ సేవలేవీ శాశ్వతం కావు. బ్లాగు సేవ పోస్టరస్ 2013లో, వికీ సేవ వికీస్పేసెస్ 2018లో, తరగతుల నెట్‌వర్క్ ఎడ్మోడో 2022లో మూతపడ్డాయి. 2019లో గూగుల్ ప్లస్ మూసేసినప్పుడు దాని వ్యాఖ్యలు వాడుకున్న బ్లాగర్ బ్లాగుల్లో ఆ వ్యాఖ్యలన్నీ పోయాయి. 2024లో వీడియో చర్చల సేవ ఫ్లిప్ విడి సేవగా ఆగింది, ఆ ఏడాది చివరికి గూగుల్ వైట్‌బోర్డు జామ్‌బోర్డ్ కూడా పోయింది. వీటిలో పిల్లల పని మిగిలింది ముందే దించుకున్నవాళ్లకే.

బ్లాగర్‌లో సెట్టింగ్స్‌లో 'మేనేజ్ బ్లాగ్' కింద బ్యాకప్ ఉంటుంది. వర్డ్‌ప్రెస్‌లో టూల్స్ కింద ఎక్స్‌పోర్ట్. వర్డ్‌ప్రెస్ ఇచ్చేది ఎక్స్‌ఎంఎల్ అనే పాఠపు ఫైలు. దానిలో టపాలు, పేజీలు, వ్యాఖ్యలు ఉంటాయి. బొమ్మలు ఉండవు, వాటి లింకులు మాత్రమే ఉంటాయి. వర్డ్‌ప్రెస్ నుంచి వర్డ్‌ప్రెస్‌కు మార్చేటప్పుడు కొత్త సైటు ఆ లింకులు పట్టుకుని పాత సైటు నుంచి బొమ్మలను లాక్కుంటుంది. పాతదాన్ని ముందే తుడిచేస్తే లాక్కోవడానికి అక్కడ ఏమీ ఉండదు. కాబట్టి వరుస ఇలా ఉండాలి: ఎక్స్‌పోర్ట్ చేయండి, కొత్తచోట ఇంపోర్ట్ చేస్తూ 'అటాచ్‌మెంట్లు దించుకో' అన్న గడి టిక్ చేయండి, ప్రతి విద్యార్థి టపా ఒక్కటైనా తెరిచి బొమ్మ చిరునామా కొత్త సైటుదేనా చూడండి. పాత బ్లాగును మూసే పని ఆ తర్వాతే.